గట్టి నీళ్లు

కౌసర్‌ది జలమండలి ల్యాబులో పని.
పొద్దున ఆరింటికే ఐస్ డబ్బాలో సీసాలు సర్దుకొని
నల్లకుంట, గోల్నాక, అంబర్‌పేట
నల్లా తర్వాత నల్లా తిప్పుకుంటూ పోతుంది.
నేను పడుకునేది అప్పుడే.
ఓనరు రెండు మంచాలకు కిరాయి అడక్కపోతే
మా ఇద్దరికీ ఒకటే మంచం సరిపోయేది.

నా పని వెలుతురు పట్టడం.
పట్టడం కూడా కాదు,
ఎక్కడో కొండ మీద ఎవరో పట్టి పంపిన వెలుతురును
యూనివర్సిటీలో, ఫ్యాను గొణిగే గదిలో
గీత గీతగా చదవడం.
ఎర్ర అంచు నుంచి ఊదా అంచు దాకా
పరిచి ఆరేసిన చీరలో
అక్కడక్కడ పోగులు పోయి నల్లగా కనిపిస్తాయి.
పోయిన పోగులకే నాకు జీతం.
ఇక్కడ ఇనుము తినేసింది, ఇక్కడ సోడియం,
ఆకుపచ్చలో పక్కపక్కనే ఈ మూడూ మెగ్నీషియం.

హైడ్రోజన్, హీలియం తప్ప
మా లెక్కలో మిగతావన్నీ లోహాలే.
ఊపిరిగాలి లోహం. బొగ్గు లోహం.
మొదటి రోజు ఇది చెబితే కౌసర్
చాయ్ గ్లాసు కింద పెట్టి
నా నుదురు పట్టి చూసింది.

ఆమెకు నాలుక మీదే ఊరి పటం.
రూలు ప్రకారం తాగకూడదు గానీ
మూత తీసి ఒక్క గుక్క:
"మంజీర."
ఇంకోటి: "కృష్ణ. పైన వాన పడ్డది."
ఇంకోటి పుక్కిలించి ఉమ్మేసి:
"బోరు! మంజీర పేరు చెప్పి బోరు పోస్తున్నరు."
సాయంత్రానికి మిషను కూడా అదే అంటుంది,
కాకపోతే అంకెల్లో.

చుక్కలూ అంతే, అన్నాను.
పుట్టిన మబ్బు నీళ్లు ఒంట్లో పెట్టుకొనే పోతాయి.
వందలూ వేలూ తోబుట్టువులు
ఒక్క మబ్బులో కళ్లు తెరిచి,
పాలపుంత చుట్టూ పది చుట్లు తిరిగేసరికి
ఒకటి ఇటు, ఒకటి ఆ దరిన.
నడక మారిపోతుంది. ఇరుగుపొరుగు మారిపోతారు.
ఒంట్లో బేరియం పాలు మాత్రం
అప్పటిదే.

"ఎన్ని చూసినవ్ ఇప్పటిదాంక?"
"నాలుగు లక్షలు."
"నేను పద్దెనిమిది వేల సీసాలు," అంది,
కొంచెం చిన్నబోయి.

నిన్న రాత్రి ఒకటి తగిలింది.
పేరు లేదు, పదిహేను అంకెల నంబరు.
మన సూర్యుడున్న పలుచటి పళ్లెంలోనే
బుద్ధిగా వరసలో నడుస్తోంది.
ఇనుము తక్కువ. మెగ్నీషియం దండి.
అంటే అది తొందరల కాలంది:
పెద్ద చుక్కలు ఉరుకులు పరుగులుగా పేలిపోయాక,
నిదానంగా చచ్చేవాటి ఇనుము
ఇంకా ఊళ్లోకి రాకముందుది.
మందపు పళ్లెం బిడ్డకు ఇక్కడేం పని?
మూడు కారణాలు రాసి రెండు కొట్టేశాను.
మిగిలినదాని మీద కూడా నమ్మకం లేదు.
రుచి ఒకటైతే బావి ఒకటే కానక్కర్లేదని
పుష్పవల్లి మేడం ప్రతి సోమవారం
మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో రాస్తుంది.

"మా దగ్గరా అంతే," అంది కౌసర్.
"మూడో గల్లీల రెండు పైపులు కలుస్తయి.
పొద్దుగాల మంజీర, పొద్దుమీకి కృష్ణ,
నడిమిట్ల ఏందో నాకే తెల్వది.
గని నా సీసాలకు చీటీలుంటయి.
గల్లీ, టైము, నా సంతకం. నీ వాటికి?"

లేవు.
చీటీలు ఊడిపోయిన నాలుగు లక్షల సీసాలు.

మిద్దె ఎక్కాం.
ఊరి దీపాలకు ఆకాశం చాయ్ రంగులో ఉంది.
లెక్కపెడితే ఏడు చుక్కలు, అందులో ఒకటి విమానం.
నాది కనిపించే రకం కాదు.
అయినా నీళ్ల ట్యాంకు పైకి చెయ్యి చూపించాను, అటు అని.
ఆమె అటే చూస్తూ చాలాసేపు ఏమీ అనలేదు.

"ఎట్లుంటది రుచి?"
"ఇనుము తక్కువ. మెగ్నీషియం ఎక్కువ."
"గట్టి నీళ్లు," అంది వెంటనే. "పప్పు ఉడకది."

కింద మా కుక్కర్ ఆరో కూత వేసింది.
వెయ్యి కోట్ల ఏళ్లుగా ఉడుకుతోంది కౌసర్,
ఇంకా దించలేదు, అన్నాను.

"శనగపప్పు అయ్యుంటది," అని
ఆమె మెట్లు దిగింది.